శనివారం దొరికే జాతి

ఆఫీసులో అందరూ ఆమెను పురుగులమ్మ అనేవారు. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా కోపం రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పురుగుల్ని చూసి జీతం తీసుకునే మనిషిని పువ్వులమ్మ అని ఎవరంటారు?

అన్ని పురుగులూ కాదు, ఆమె చూసేది ఒకే రకం. చూడటానికి నల్లికి పెద్దన్నలా ఉంటుంది, బొటనవేలి గోరు కంటే కాస్త పొడుగు. గోడ పగుళ్ళలో పగలంతా దాక్కుని, చీకటి పడ్డాక దిగి, నిద్రపోయే మనిషి పెదవి దగ్గరో కనురెప్ప దగ్గరో కూర్చుని నెత్తురు తాగుతుంది. అందుకని దాన్ని ముద్దుపురుగు అన్నారు. ఆ పేరు పెట్టిన మహానుభావుణ్ణి బతుకులో ఎవరూ సరిగ్గా ముద్దు పెట్టుకుని ఉండరు.

నెత్తురు తాగితే తాగింది, పోతూ పోతూ అక్కడే రెట్ట వేసి పోతుంది. అసలు చావు ఆ రెట్టలో ఉంది. మనిషి నిద్రలో గోక్కుంటాడు, రెట్టలోని క్రిమి ఒంట్లోకి దిగుతుంది. నాలుగు రోజులు జ్వరం, ఒక కన్ను వాపు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో గుండె ఉబ్బిపోయి మనిషి మెట్లెక్కలేకపోతాడు. మొదట్లోనే కనిపెడితే మందుంది, చిన్నపిల్లలకైతే బాగా పనిచేస్తుంది. ఏళ్ళు గడిచాక వేసుకునే మందు చేతులు కాలాక పట్టుకునే ఆకులే.

ఆ చుట్టుపక్కల దొరికే ముద్దుపురుగులు ఏడు జాతులని లెక్క. ఒక తల్లి కడుపున పుట్టిన ఏడుగురు ఆడపిల్లల్లా ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తల్లికి కూడా తెలియదు. వాటిని విడదీసి చెప్పగలిగిన మనిషి పురుగులమ్మే. పొట్ట అంచు చుట్టూ ఉండే పట్టీల రంగు, మీసంలో రెండో ముక్క పొడుగు, మగదాని తోక కొస ఆకారం, ఇలాంటివన్నీ చూసి ఆమె రాసిన గుర్తింపు పట్టికనే అందరూ వాడేవారు. ఏడింటిలో ఇళ్ళలో కాపురం పెట్టేది ఒక్కటే, పసుపుపట్టీది. మిగతా ఆరూ రాళ్ళ సందుల్లో ఎలుకల్నీ తొండల్నీ తాగి బతికేవి, ఎప్పుడో దారి తప్పి దీపానికి వస్తాయి.

జనం ఇంట్లో పురుగు కనబడితే పట్టుకుని సీసాలో వేసి ఆఫీసుకి తెచ్చేవారు. ఆమె చూసి చీటీ రాసేది. పసుపుపట్టీది అని రాస్తే మందు కొట్టేవాళ్ళు ఆ ఇంటికి వెళతారు, ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేస్తారు. మిగతావాటిలో ఏదైనా అయితే చీటీ మీద ఒకే మాట ఉంటుంది: అడవి జాతి, ఇంట్లో ఉండదు, భయం లేదు. కింద ఆమె సంతకం. ఆ సంతకం చూసుకుని జనం హాయిగా నిద్రపోయేవారు.

ఆ ఆరింటిలో ఎర్రపట్టీది ఆమెకు ప్రాణం. దాన్ని కనిపెట్టింది ఆమె గురువు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. కొండరాళ్ళలో వారం రోజులు గుడారం వేసుకుని పురుగుల్ని పట్టుకొచ్చి, వాటిలో ఎర్రపట్టీలవి పన్నెండు ఉంటే ఇది కొత్త జాతి అని ప్రకటించాడు. ఆమెకప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఆమె పేరుకి లాటిన్ తోక తగిలించి ఆ జాతికి పెట్టాడు. నగలూ చీరలూ ఎవరైనా పెడతారు, ఒక ప్రాణికి నీ పేరు పెట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు? పొంగిపోయింది. పసుపుపట్టీదానికీ దీనికీ రంగు కాక ఇంకేమైనా తేడా ఉందా అని మీసాలు కొలిచింది. ఉన్నట్టే ఉంది. వెంట్రుకవాసి తేడా, కావాలనుకున్న కంటికి కనబడేంత. ప్రాణంతో ఉన్న ఎర్రపట్టీదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. అది సిగ్గరి అనేవాడు గురువు. కాకిపిల్ల కాకికి ముద్దు, అందులో ముద్దుపురుగాయె.

పురుగులమ్మకు తోడబుట్టినవాడు ఒక్కడే, తమ్ముడు. బస్సు డ్రైవరు. ఊరి చివర రాళ్ళ క్వారీ వెనక, రాతిగోడల వరస ఇళ్ళలో ఒకదాంట్లో భార్యతో ఉంటాడు. పిల్లల్లేరు. ఎదుటివాణ్ణి నవ్వించందే బ్రేకు కూడా వెయ్యడని అతని కండక్టరు అంటాడు. అలాంటివాడు ఈ ఏడాది నవ్వడానికి కూడా ఊపిరి చాలక ఆగిపోతున్నాడు. స్టీరింగు తిప్పితే కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళు సాయంత్రానికి దిమ్మల్లా ఉబ్బుతున్నాయి. ఫోటో తీసి చూస్తే గుండె ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లుంది.

గుండె డాక్టరు తెలివైనది, అడగాల్సిందే అడిగింది. ఎప్పుడైనా ఇంట్లో ముద్దుపురుగు కనబడిందా అని. కనబడింది, పదకొండేళ్ళ కింద, కానీ అది ఆ జాతి కాదు, మా అక్కే చూసి చీటీ ఇచ్చింది, ఆ జాతికి మా అక్క పేరే పెట్టారు అని తమ్ముడు ఆయాసపడుతూనే గొప్పలు పోయాడు. డాక్టరుకు ఆ సంతకం తెలుసు. అయితే కారణం ఇంకేదో అయి ఉంటుందని రక్తపరీక్ష కాగితంలో ఆ జబ్బు పేరున్న గడి కొట్టేసి, వేరే మందులు మొదలుపెట్టింది. పక్కనే కూర్చున్న పురుగులమ్మకు, నిజం చెప్పాలంటే, మనసులో కాస్త తేలికగా అనిపించింది. ఏ జబ్బయినా కానీ, అది మాత్రం కాదు కదా అనుకుంది.

ఆఫీసులో ఒక పాత నియమం ఉంది. జనం తెచ్చిన పురుగును బల్ల మీద ప్రాణంతో ఉంచకూడదు. ఎప్పుడో ఒకటి సీసాలోంచి తప్పించుకుపోతే గుమస్తా వారం రోజులు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచీ కిటికీ దగ్గరే అతను తీసుకుని, తేదీ రాసి, నేరుగా చంపే సీసాలో వేసేవాడు. అడుగున విషం పోసి దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పరిచిన మందపాటి గాజుసీసా అది. మూత పెడితే ఆ ఆవిరికి పావుగంటలో పురుగు చస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు పురుగులమ్మ సీసా ఖాళీ చేసి, సూది గుచ్చి, లేబులు పెట్టుకునేది. ముప్ఫై ఏళ్ళలో ఆమె బల్ల మీదికొచ్చినవన్నీ చచ్చినవే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గుమస్తా సెలవులో ఉన్నాడు. ఒక ముసలాయన ప్లాస్టిక్ డబ్బాలో పురుగును తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. డబ్బాలో గిరగిరా తిరుగుతోంది. పొట్ట అంచున పట్టీలు పండిన నిమ్మకాయలా పచ్చగా మెరుస్తున్నాయి. పసుపుపట్టీది అని ఆయనతో అక్కడే చెప్పి, రేపు రండి, చీటీ ఇస్తాను అంది. దాన్ని సీసాలో వేసి మూత తిప్పుతుండగా ఫోను మోగింది. మరదలు. తమ్ముడు బస్టాండులో పడిపోయాడట. సంచీ కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

శనివారం, ఆదివారం ఆసుపత్రిలోనే. సోమవారం పొద్దున వచ్చి సీసా తెరిచి, పట్టకారుతో పురుగును బయటికి తీసి, తెల్లకాగితం మీద పెట్టింది. పట్టీలు ఎర్రగా ఉన్నాయి.

మొదట ఆమెకు అర్థం కాలేదు. ఎవరో మార్చారనుకుంది. సీసాలో ఉన్నది అదొక్కటే, తాళం ఆమె దగ్గరే ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. నిక్షేపంలాంటి ఎర్రపట్టీది, పుస్తకంలో బొమ్మకు కూర్చున్నట్టు. తన పేరు పెట్టుకున్న జాతి, తన కళ్ళ ముందు పసుపుగా సీసాలోకి వెళ్ళి, ఎర్రగా బయటికొచ్చింది. విషపు ఆవిరిలో రెండు మూడు రోజులు నానితే పసుపు ఎరుపవుతుంది. కందిరీగల్ని పట్టేవాళ్ళకు ఈ సంగతి తెలుసు, ఆమె కూడా ఎక్కడో చదివింది. చదివింది కందిరీగల గురించి కాబట్టి తనకు కాదనుకుంది. కుర్చీలో కూలబడి అరగంట అలాగే ఉంది. ఫ్యానుకు కాగితం ఎగిరిపోతుంటే దాని మీద చెయ్యి పెట్టింది తప్ప ఇంకేం చెయ్యలేదు.

తర్వాత రిజిస్టర్లు దించింది. ఎర్రపట్టీది అని ఆమె రాసినవి మొత్తం నాలుగు వందల పన్నెండు. ఏ నెలలో ఎక్కువ దొరుకుతాయి, ఏ ఊళ్ళో ఎక్కువ దొరుకుతాయి అని వాటి మీద ఆమె రెండు వ్యాసాలు కూడా రాసింది. వారంలో ఏ రోజు దొరుకుతాయని మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. చూడాలని ఎవరికి తడుతుంది? పాత క్యాలెండర్లు పక్కన పెట్టుకుని ఒక్కొక్క తేదీ సరిచూసింది. శనివారం. శనివారం. శనివారం. అక్కడక్కడా పండగ సెలవుకు ముందురోజు. శనివారం ఒంటిపూట ఆఫీసు, ఆ రోజు సీసాలో వేసినవి సోమవారం దాకా అందులోనే ఉంటాయి. మంగళవారం తెచ్చిన ఎర్రపట్టీది ఒక్కటంటే ఒక్కటి లేదు. గురువు వారం రోజులు గుడారంలో ఉన్నప్పుడు ఆయన సీసా కూడా వారం రోజులూ మూతపెట్టే ఉంది. కొండను తవ్వి ఆ మహానుభావుడు ఎలుకను కూడా పట్టలేదు. ఏడుగురు అక్కచెల్లెళ్ళలో ఒకతె అసలు పుట్టనే లేదు.

నాలుగు వందల పన్నెండు ఇళ్ళు. మందు కొట్టలేదు, పరీక్ష చెయ్యలేదు. భయం లేదని ఆమె రాసిచ్చింది.

తమ్ముడి తేదీని ఆఖరికి వదిలేసింది. తెలుసు కనుకే వదిలేసింది. అదీ శనివారమే. అంతేకాదు, ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. మాత్రల నల్లసీసాలో పురుగును వేసుకుని తమ్ముడే వచ్చాడు. ఒక కన్ను వాచి ఉంది, కంటికురుపు అన్నాడు. పద అక్కా, ఆఫీసు ఎలాగూ మూసేస్తారు, సినిమాకి పోదాం అన్నాడు. ఆమె పురుగు మొహం కూడా చూడకుండా నల్లసీసాలోంచి చంపే సీసాలోకి వంచేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సినిమాలో ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ కన్ను వాపే మొదటి గుర్తు. అప్పుడు పరీక్ష చేసి ఉంటే అరవై రోజుల మందుతో పోయేది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా అర్హత లేదనిపించి మొహం కడుక్కుంది.

పై అధికారి చెడ్డవాడేం కాదు. రిజిస్టర్లు, క్యాలెండర్లు, ఎర్రబడ్డ పురుగు అన్నీ శ్రద్ధగా చూశాడు. ఆమె అతని ఎదుటే ఇంకో పసుపుపట్టీదాన్ని సీసాలో వేసి, మూడు రోజుల తర్వాత తీసి చూపించింది. ఒక జాతిని కొట్టేయాలంటే కమిటీ కూర్చోవాలన్నాడు. ఇంకో చోట కూడా పరీక్ష చేయించాలి, ఆ పట్టిక వాడినవాళ్ళందరికీ రాయాలి, ఆరు నెలలైనా పడుతుంది, అప్పటిదాకా ఆఫీసు కాగితం మీద ఒక్క ముక్క బయటికి పోకూడదు అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు పంచుకోవడానికి కమిటీ కంటే మంచి చోటు లేదు. ఆమె లేచి నిలబడి కదలకపోతే, అతను గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు.

"చెప్పి ఏం చేస్తారమ్మా? పదేళ్ళు దాటినవాళ్ళకి మందు లేదు. ఉన్న నాలుగు రోజులు భయపడుతూ బతకమనా?"

ఆ మాటకు ఆమె దగ్గర జవాబుంది. పెద్దవాళ్ళకు ఆలస్యమైంది గానీ ఆ ఇళ్ళలో పిల్లలుంటారు, వాళ్ళకి ఇంకా కాలేదు అంది. పిల్లల సంగతి కమిటీలో పెడదాం అన్నాడతను.

తమ్ముడికి పరీక్ష ఆమే చేయించింది. ఉంది. మరదలికీ ఉంది, ఆమెకింకా గుండె దాకా రాలేదు. డాక్టరు ఫలితం చదివి పురుగులమ్మ వైపు చూసి, కళ్ళు దించుకుంది. వాపు తగ్గడానికి, ఆయాసం తగ్గడానికి మందులిస్తాను, గుండె మాత్రం వెనక్కి రాదు అంది. ఎన్నాళ్ళు అని అడిగితే బస్సు నడపడం మానేయమంది. అది అడిగినదానికి జవాబు కాకపోయినా ముగ్గురికీ అర్థమైంది.

ఆ మధ్యాహ్నం తమ్ముడి ఇంట్లో మంచం పక్కన కూర్చుని ఆమె మొత్తం చెప్పింది. సీసా, శనివారం, సినిమా, ఏదీ దాచలేదు. మరదలు వంటగది గుమ్మంలో నిలబడి వింది. విని, లోపలికి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే మళ్ళీ తోముతున్న చప్పుడు. తిట్టి ఉంటే బాగుండేదని పురుగులమ్మ అనుకుంది.

తమ్ముడు పైకప్పు వైపు చూశాడు.

"నేను పట్టుకున్నప్పుడు అది పసుపుగానే ఉంది అక్కా," అన్నాడు.

"మరి చెప్పలేదేంరా?"

"నువ్వు ఎర్రదని రాశావు. అంత చదివినదానివి. నా కళ్ళెక్కడ, నీ కళ్ళెక్కడ? నాకే సరిగ్గా కనబడలేదు, కన్ను వాచి ఉంది కదా అనుకున్నా."

ఆమె తల మంచం కోడుకు ఆనించింది. తమ్ముడు ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు. ఊరుకోమన్నాడు. పిల్లల్లేకపోవడమే మేలైందిలే అన్నాడు, ఆ మాట ఓదార్పు అనుకున్నాడు కాబోలు. తర్వాత ఊపిరి కూడదీసుకుని, ఇంకో సంగతుంది, కోప్పడకూడదు అన్నాడు.

అప్పట్లో ఈ వరసలో అందరిళ్ళలోనూ పురుగులు కనబడ్డాయట. అందరూ సీసాలూ డబ్బాలూ పట్టుకుని ఆఫీసుకు బయలుదేరారట. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు వెళ్ళి అక్కను విసిగించడం ఎందుకని, తన చీటీని ఇరవై రెండు జిరాక్సులు తీయించి ఇంటింటికీ పంచాడట. ఇది మా అక్క పురుగు, ఏం చెయ్యదు, దీనికోసం పని మానుకుని పోకండి అని చెప్పాడట. ఎవరూ వెళ్ళలేదు.

పురుగులమ్మ తల ఎత్తలేదు. నాలుగు వందల పన్నెండు అని ఆమె లెక్కపెట్టింది రిజిస్టర్లో ఉన్నవాటిని. రిజిస్టర్లోకి రానివాటికి లెక్క లేదు. ఇలాంటి తమ్ముళ్ళు ఎందరికి ఎన్ని చీటీలు చూపించారో చెప్పగలిగిన క్యాలెండరు ఏదీ లేదు.

"లే," అన్నాడు తమ్ముడు. "నేను పంచాను, నేనే వచ్చి చెబుతా."

వద్దంటే వినలేదు. గుమ్మం దాటడానికే గోడ పట్టుకున్నాడు. మొదటి ఇంటికి తాళం ఉంది, రెండేళ్ళ కింద ఖాళీ చేసి ఏ ఊరో వెళ్ళిపోయారట. రెండో ఇంటాయన క్వారీలో సూపర్వైజరు, పోయిన చలికాలంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, గుండెపోటన్నారు. ఆయన కోడలు తలుపు సందులోంచే విని, మామగారి గుండె ఎప్పుడూ గట్టిదే కదా అని ఆలోచనలో పడింది. మూడో ఇల్లాలు బుద్ధిగా వింది, పరీక్ష పేరు అరచేతిలో రాసుకుంది. ఆ రోజుల్లో ఆమె ముగ్గురు పిల్లలూ పగుళ్ళున్న రాతిగోడ కిందే పడుకునేవారు. ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. ఒకడు లారీ మీద తిరుగుతాడు, ఒకడు ఓడల్లో పనికి వెళ్ళాడు, కూతురు ఫోను నంబరు మార్చి ఏడాదైంది. నాలుగో ఇంట్లో పూర్తిగా విననే లేదు, ఇప్పుడేం అమ్ముతున్నారు మీ ఆఫీసువాళ్ళు అని తలుపేసుకున్నారు. చెప్పేది నిజమైతే ఒక కాగితం చూపించమన్నారు. కాగితం లేదు.

ఐదో ఇంటి ముందు తమ్ముడు ఇక నడవలేకపోయాడు. అరుగు మీద కూలబడి, నువ్వు వెళ్ళు అని చేత్తో సైగ చేశాడు.

అది బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. అరవై దాటిన మనిషి, ఎవరి మొహమైనా చూడగానే కొలతలు తీసేసేలా చూస్తుంది. పురుగులమ్మను చూసి మిషను ఆపి, కుర్చీ తుడిచి వేసింది. డ్రైవరుగారి అక్కగారు మా ఇంటికి రావడమే అంది. గోడ పక్కన చాప మీద నాలుగేళ్ళ మనవరాలు బోర్లా పడుకుని నిద్రపోతోంది. కూతురు పనికి పోతూ పిల్లను రోజూ ఇక్కడే వదిలి వెళుతుందట, చాలా రాత్రులు కూడా ఇక్కడేనట.

పురుగులమ్మ కళ్ళు గోడ మీదికి పోయాయి. చాపకు జానెడు పైన, రాళ్ళ మధ్య పగులు నుంచి కిందికి చారలు, కొన్ని నల్లగా, కొన్ని తెల్లగా. అవి పురుగుల రెట్టలని తెలియడానికి ఆమెకు మైక్రోస్కోపు అక్కర్లేదు. దగ్గరికి వెళ్ళి జడపిన్నుతో పగులులో గీరితే పాత కుబుసమొకటి రాలింది, దాని వెనకే ఒక పిల్లపురుగు బయటికి పాకి మళ్ళీ లోపలికి దూరింది. ఇవి కాపురం ఉంటున్నాయి, ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. ఈ పిల్లకు ఇంకా ఆలస్యం కాలేదు. ఈ వరసలో తను కాపాడగలిగిన ప్రాణం ఇదొక్కటే కావచ్చు.

కుర్చీ అంచున కూర్చుని వీలైనంత సూటిగా చెప్పింది. ఈ పురుగు ప్రమాదం, అప్పుడు నేను రాసింది తప్పు, పాపకు రేపే రక్తపరీక్ష చేయించాలి, జబ్బు ఉన్నా మందుతో పూర్తిగా పోతుంది, నేనే తీసుకెళతాను అంది. బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపును సర్దుకుంటూ ఓపిగ్గా వింది. విని, నవ్వింది.

"ఇది మీ పురుగే కదమ్మా. మా పిల్ల దాన్ని చూసి జడుసుకుంటే, ఏం చెయ్యదే, డ్రైవరు తాతగారి అక్క పురుగు అని చెప్పి పడుకోబెడతాను. ఇప్పుడు భయపడ్డం కూడా మానేసింది."

ఆవిడ లేచి, బీరువాలో బట్టల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో జిరాక్సు కాగితం, మడతల దగ్గర టేపు అంటించి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కింద వేలు పెట్టింది.

"ఈ సంతకం మీదే కదా?"

"నాదే. కానీ అది తప్పమ్మా. అప్పుడు నేను తప్పు రాశాను."

"మరి ఇప్పుడు రాసిన కాగితం ఏదీ?"

కమిటీ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పే కొద్దీ తన మాట తనకే అబద్ధంలా వినబడింది. వట్టి కాగితం ఇవ్వండి, ఇక్కడే రాసి సంతకం పెడతాను అంది. ఆఫీసు ముద్ర లేని కాగితం ఎలా చెల్లుతుందమ్మా అంది ఆవిడ, బజారులో కొత్త నోటు తిప్పి చూసేంత మర్యాదగా. తర్వాత ఆవిడ చూపు తెరిచిన తలుపులోంచి బయటికి పోయింది. అరుగు మీద తమ్ముడు నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. ఆవిడ మొహంలో జాలి నిండింది. వచ్చి పురుగులమ్మ చెయ్యి పట్టుకుంది.

"తమ్ముడికలా ఉంటే మనసు మనసులో ఉండదు. లేని భయాలన్నీ వస్తాయి. నాకు మా ఆయన పోయినప్పుడు ఇలాగే. మీరు కుదురుగా ఉన్నప్పుడు రాసిందే నిజం. పిల్లకి సూదులు గుచ్చించడం నాకిష్టం లేదమ్మా, ఏమనుకోకండి."

పురుగులమ్మ బతిమాలింది. జీవితంలో ఎవర్నీ బతిమాలని మనిషి, ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని, ఒక్కసారి, ఒక్క బొట్టు నెత్తురు అని బతిమాలింది. కనీసం చాపను గోడ నుంచి దూరంగా జరపమంది. ఎండ ఇటు తగలదు, పిల్ల ఇక్కడే నిద్రపోతుంది అని ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కూతురు ఎక్కడ పనిచేస్తుందో, ఎప్పుడొస్తుందో అడిగితే, దాన్ని కూడా కంగారు పెట్టొద్దని సున్నితంగానే, గట్టిగా చెప్పింది. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, బట్టల కింద దాచింది. మిషను మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడుకు పిల్ల కదిలి, గోడ వైపు తిరిగి పడుకుంది.

బయట ఎండ కళ్ళలో పొడిచింది. ఇంకా పదిహేడు ఇళ్ళున్నాయి. ఆమె వచ్చి అరుగు మీద తమ్ముడి పక్కన కూర్చుంది. అతని మణికట్టు పట్టుకుంటే నాడి నాలుగు కొట్టి ఒకటి మానేస్తోంది.

"ఏమందక్కా?" అన్నాడు.

"నన్నే నమ్ముతానంది."